చున్హ్వా పిన్ని దూకిన రోజు

మాసాన్,
1989 డిసెంబరు 3.

అత్తకి చాంగ్‌సిక్ దండాలు.

నీ ఉత్తరం ఫ్యాక్టరీ గేటు దగ్గరే చింపి చదివాను. వసతి గదికి వచ్చి మళ్ళీ చదివాను. మళ్ళీ చదివితే కోపం తగ్గుతుందేమో అనుకున్నాను. పెరిగింది.

మీ ఊరి ఆడవాళ్ళ యాత్రలో నీ బదులు నేను జపాను వెళ్ళాలా? నేనా? మామూలు జనం విదేశాలు చూడొచ్చని ప్రభుత్వం ఈ ఏడాదే తలుపు తెరిచింది. తెరవగానే సముద్రంలో మునిగి గుల్లలు ఏరుకునే మన జేజు దీవి మునక ఆడవాళ్ళందరూ ఏకగ్రీవంగా చూడాలనుకున్నది ఏ దేశాన్ని? మన తాతల్ని బొగ్గు గనుల్లోకి తోలిన దేశాన్ని! నేను పొద్దున లేస్తే ఆ దేశపు యజమాని రేడియోలకే తీగలు అతుకుతున్నాను. సెలవు పెట్టి మరీ వెళ్ళి వాళ్ళ గుడుల ముందు ఫొటో దిగాలా? పైగా పాస్‌పోర్టు కావాలంటే ముందు సగం రోజు కూర్చుని, ఉత్తర కొరియా గూఢచారులతో మాట్లాడకూడదని పాఠం వినాలట. విన్నవాళ్ళు చెప్పారు, నిద్ర బాగా పడుతుందట.

నీకు చెవి నొప్పి అని రాశావు. నేను నమ్మను. అక్టోబరులో నీళ్ళ అడుగున నీకు స్పృహ తప్పిన రోజు నుంచి నువ్వు సముద్రంలో దిగలేదు. ఆ తప్పు ఎవరిదో నాకు తెలుసు. పెద్ద గుల్లలన్నీ ఐసు పెట్టెల్లో జపానుకే పోతాయి. ధర పెరిగేకొద్దీ మీరు లోతుకి దిగుతారు. మొన్నే ఒక కరపత్రంలో చదివాను: ఎంత లోతుకి దిగాలో మనిషి ఊపిరి నిర్ణయించదు, అంగడి నిర్ణయిస్తుంది. నీకది అర్థమై మానేశావని లోలోపల సంతోషించాను కూడా. పూర్తిగా మానేసి ఇక్కడికి వచ్చెయ్. గది చిన్నదే. చాలకపోతే నేను కార్మిక సంఘం ఆఫీసులో పడుకుంటాను.

ఇంకొకటి. నీ సీటంటే చున్హ్వా పిన్ని పక్క సీటే కదా. నీళ్ళలో జంటగా దిగేవాళ్ళు బస్సులోనూ జంటగానే కూర్చోవాలన్న మీ పద్ధతి నాకు తెలుసు. ఆవిడ గురక మా ఫ్యాక్టరీ కంప్రెసర్ కన్నా పెద్దది. పైన చెప్పినవి సిద్ధాంతపరమైన అభ్యంతరాలు, ఇది సొంతది.

కోపంగా ఉన్నా నీవాడే అయిన
చాంగ్‌సిక్


మొక్‌జిన్‌లి, జేజు,
డిసెంబరు 12.

ఒరేయ్ చాంగ్‌సిక్,

నీ ఉత్తరం చదువుతుంటే లౌడ్ స్పీకర్ ముందు కూర్చున్నట్టుంది. పక్కింటి కుక్క కూడా లేచి వెళ్ళిపోయింది.

ఆరేళ్ళప్పుడు నా ఒళ్ళో వచ్చి పడ్డావు, నీకు అబద్ధం చెప్పి ఏం లాభం? చెవి బాగానే ఉంది. ఎవరికీ చెప్పని మాట నీకు చెబుతున్నాను, దీన్ని కరపత్రం చెయ్యకు.

నీళ్ళలో జంటంటే ఏమిటో నీకు తెలుసు. నేను మునిగితే చున్హ్వా తలెత్తి, నీళ్ళ మీద తేలే నా సొరబుర్ర వైపు చూస్తూ ఉండాలి. ఆమె మునిగితే నేను చూడాలి. (సొరబుర్రలు పోయి థర్మకోల్ ముద్దలొచ్చాయి, మేమింకా బుర్ర అనే అంటాం.) ఆ రోజు ఆమె చూడలేదు. రాతి సందులో ఒక గుల్ల కనబడిందట, దాని కోసం తనూ మునిగింది. నన్ను జుట్టు పట్టి పైకి లాగింది మా మునక వాళ్ళందరికీ పెద్ద సంబోక్ అవ్వ. ఇరవై ఏళ్ళుగా నా ఊపిరి చున్హ్వా చేతిలో పెట్టి దిగానురా. అంగడీ ధరా నాకు తెలియవు. ఆమె చూడలేదు, అంతే నాకు తెలిసింది.

తర్వాత తను మా గుమ్మం తొక్కలేదు. నేను ఒడ్డున మేం చలి కాచుకునే నెగడు దగ్గరికి వెళ్ళలేదు. చాంద్రమానం రెండో నెలలో గాలి దేవత పూజ అయ్యాక నెగడు చుట్టూ కూర్చుని ఆ ఏటి జంటలు ఖాయం చేస్తారు. మిగతా అందరికీ జంటలున్నాయి. జంట లేనిదే ఎవర్నీ నీళ్ళలోకి దిగనివ్వరు. అంటే నేను చున్హ్వాతో దిగుతాననైనా చెప్పాలి, లేదంటే సముద్రానికే దండం పెట్టాలి. పూజ లోపల తేల్చుకోవాలి. ఈలోగా ఆమె పక్కన బస్సులో కూర్చుంటే తిట్టాలి, లేదా క్షమించాలి. రెండింటికీ నాకు ఓపిక లేదు.

కాబట్టి నువ్వు వెళ్తున్నావు. కిమ్చీ పచ్చడి జాడీలు మొయ్యడానికి వాళ్ళకి ఎలాగూ ఒక మగ గాడిద కావాలి. కళ్ళు తెరుచుకుని చూడు, నోరు మూసుకుని కూర్చో.

చలికి మేజోళ్ళు రెండు జతలు వేసుకో.

అత్త


మాసాన్,
1990 ఫిబ్రవరి 14.

అత్తా,

వెళ్ళొచ్చాను. నోరు మూసుకునే కూర్చుందామనుకున్నాను. రెండో రోజు మధ్యాహ్నం దాకా కూర్చున్నాను కూడా. ఆ రోజు సంగతి ముందుగా నా నుంచే వినాలని ఇవాళ ఓవర్‌టైమ్ మాని రాస్తున్నాను, ఎందుకంటే మీ ఊరి ఆడవాళ్ళు దాన్ని ఎలా వండి వడ్డిస్తారో నాకు తెలుసు.

ఆ రోజు ఒసాకా నుంచి బస్సులో తూర్పు తీరానికి తీసుకెళ్ళారు. గైడు యాంగ్ అని ఒకావిడ, పసుపు జెండా పట్టుకుని ముందు నిలబడింది. పుట్టింది ఒసాకాలోనే, తాతముత్తాతలది మన దీవి. యాభై ఏళ్ళ కిందటి మన యాస ఆవిడ నోట్లో ఉప్పులో ఊరవేసినట్టు భద్రంగా ఉంది. "నీకంటే ఈ పిల్లకే మన మాట బాగా వచ్చురా" అని సంబోక్ అవ్వ నన్ను దెప్పింది. బస్సు ఊరు దాటగానే మన వాళ్ళు సీట్ల మధ్య లేచి నిలబడి పాటలూ గంతులూ మొదలుపెట్టారు. డ్రైవరు అద్దంలో చూసి చూసి చెమటలు తుడుచుకున్నాడు. యాంగ్ చేతులు జోడించింది. "అమ్మల్లారా, ఈ దేశంలో బస్సులో కూర్చోవాలి!" "కూర్చుని ఎగరడం ఎలాగో నేర్పు తల్లీ, కూర్చుంటాం" అంది సంబోక్ అవ్వ.

చున్హ్వా పిన్ని మాత్రం లేవలేదు. కిటికీ వైపు సీటు ఖాళీగా ఉంచి ఈ చివర కూర్చుంది. నేను కిటికీ వైపు జరగబోతే, "అక్కడ సంచి పెట్టుకోనీ" అంది. సంచి పెట్టలేదు. నేను దారంతా మడత సీటు మీద కూర్చున్నాను.

పొద్దున ఒక పెద్ద గుడికి తీసుకెళ్ళారు. నేను గేటు లోపలికి అడుగు పెట్టలేదు. వాళ్ళు మనల్ని ఏలిన రోజుల్లో ఆ గుడి పేరు చెప్పే కదా మన బడి పిల్లల చేత దండాలు పెట్టించారు! మంచు తుంపరలో బయట నిలబడి, మన వాళ్ళు కంకర మీద కరకరమని నడిచి వెళ్ళడం చూశాను. తిరిగొచ్చి సంబోక్ అవ్వ చెప్పిన విశేషం ఒకటే: "ఎంత జాగా వదిలేశార్రా, బత్తాయి చెట్లు వేసుకుంటే ఊరు బతికేది." చున్హ్వా పిన్ని నాణెం వేస్తే డబ్బా పడే మరబీరువాలోంచి వేడి కాఫీ డబ్బా కొని తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆవిడ మీద నాకున్న కోపం నీకు తెలుసు, అయినా తాగాను. చలి అంత ఉంది.

భోజనం చల్లటి పెట్టెల్లో వచ్చింది. మన వాళ్ళు జాడీ మూత తీసి మిరప ముద్ద, కిమ్చీ పంచేసరికి హోటలు వాళ్ళు కిటికీలు తెరిచారు. తర్వాత సముద్రం ఒడ్డున మునక ప్రదర్శన.

అత్తా, అది చూస్తే నీ ఒళ్ళు మండేది. ఒక చిన్న రేవు, దాని చుట్టూ మెట్ల వరసలు, సంగీతం. పడవ మీద ముగ్గురు మునక ఆడవాళ్ళు, తల నుంచి కాలి దాకా తెల్ల బట్టల్లో. వాళ్ళు మునిగి గుల్ల పైకెత్తి చూపిస్తే టిక్కెట్టు కొన్నవాళ్ళు చప్పట్లు కొట్టాలి. శ్రమని బొమ్మ చేసి అమ్మడం! నేను పళ్ళు బిగబట్టుకుని ఉంటే మన వాళ్ళకి తమాషాగా ఉంది.

"తెల్ల బట్టలేమిటే, సొరచేపకి విస్తరి వేసినట్టు!"

"ఆ కాలు చూడు, పీత తన్నినట్టు తంతోంది."

"అడుగున గుల్లలు ముందే పెట్టి ఉంచుతారటే. మనకీ పెట్టి ఉంచితే ఎంత బావుణ్ణు."

ఆ ముగ్గురిలో పెద్దావిడ మునిగింది. అప్పుడు నా పక్కన చున్హ్వా పిన్ని లేచి నిలబడింది. ముందున్న ఇనప కమ్మీ పట్టుకుంది. నేను ఏమిటని అడిగేలోపే, కోటుతో, చేతి సంచితో, పండక్కి కొన్న కొత్త బూట్లతో నీళ్ళలోకి దూకేసింది.

జనం ముందు కెవ్వుమన్నారు, తర్వాత నవ్వారు. ఇది కూడా ఆటలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు, అత్తా! కెమెరాలు టకటకలాడాయి. మునిగిన ఆవిడ మామూలుగా పైకొచ్చి, తన మీద పడి భుజాలు పట్టుకుని లాగుతున్న పిన్నిని చూసి హడలిపోయింది.

నేనింక ఆగలేదు. ప్రదర్శన గురించి చెబుతున్నవాడి వేదిక ఎక్కి మైకు లాక్కున్నాను. "నవ్వకండి! ప్రాణం విలువ తెలిసిన శ్రామిక స్త్రీ దూకింది, మీరు టిక్కెట్టు కొని నవ్వుతున్నారు!" అని మొదలుపెట్టి చాలాసేపే మాట్లాడాను. మన భాషలో. అర్థమైన వాళ్ళు మన వాళ్ళే. "దిగరా కోతీ!" అని కింద నుంచి సంబోక్ అవ్వ చెప్పు చూపించింది.

ఈలోగా పిన్నిని వెనక ఉన్న రేకుల గదిలోకి తీసుకుపోయి తలుపు మూశారు. విచారణకి! నేను తలుపు బాది, "మా మనిషిని విడిచిపెట్టండి" అని నినాదాలిచ్చాను. యాంగ్ నన్ను చొక్కా పట్టుకుని బస్సు దాకా లాక్కొచ్చింది. చాలాసేపటికి పిన్ని ఎవరివో బట్టల్లో, మొహం కందిపోయి బయటికి వచ్చింది. "కొట్టారా?" అని అడిగాను. మొహం తిప్పుకుంది. ఎంత అవమానం చేసి ఉంటారో ఊహించుకో.

ఆ రోజు గురించి మా సంఘం గోడ పత్రికకి వ్యాసం రాస్తున్నాను.

నిద్రపట్టని
చాంగ్‌సిక్


మొక్‌జిన్‌లి,
ఫిబ్రవరి 22.

ఒరేయ్ మైకు వీరుడా,

నువ్వు రాసింది నిన్న చదివాను. దానికంటే ముందే సంబోక్ అవ్వ వచ్చి నా వంటింట్లో కూర్చుని మొత్తం ఆడి చూపించింది. నీ పాత్ర వచ్చినప్పుడు గరిటె పట్టుకుని మా పీట ఎక్కింది. ఎనభై దగ్గర పడుతున్న మనిషి, పడితే ఎవరు జవాబుదారీ?

ఆ రేకుల గదిలో ఏముందో తెలుసా? నెగడు. మనకి రాళ్ళ గోడ, వాళ్ళకి రేకులు, అంతే తేడా. చల్లటి నీళ్ళ నుంచి వచ్చిన మునక ఆడవాళ్ళు చలి కాచుకునే చోటు. సంబోక్ అవ్వా లోపలికి వెళ్ళింది. ఆ తెల్ల బట్టల వాళ్ళు చున్హ్వా తడి బట్టలు విప్పి, తమ బట్టలు తొడిగి, వీపు రుద్ది, మంట ముందు కూర్చోబెట్టారు. బూట్లు నిప్పు దగ్గర బోర్లించారు. గుల్లలు కాల్చి పెట్టారు. ఒకరి మాట ఒకరికి రాదు. అయినా ఎవరూ నవ్వలేదట. చున్హ్వా మాత్రం నిప్పు వైపు చూస్తూ వెక్కి వెక్కి ఏడ్చిందట. అందుకే మొహం కందింది. కొట్టారంట, కొట్టారు!

అంతలో ఎవడో పిచ్చివాడు తలుపు విరగ్గొడుతున్నాడట. వాడెవడని వాళ్ళు చేతులు తిప్పి అడిగితే, "మాతో వచ్చినవాడు కాదు" అని చేతులు తిప్పి చెప్పిందట సంబోక్ అవ్వ.

నవ్వి నవ్వి నా పక్కలు పట్టేశాయి. కానీ ఒక సంగతి నన్ను గుచ్చుతోంది. నువ్వు ఇంత పొడుగు ఉత్తరం రాశావు, అసలుది రాయలేదు. ఆ తెల్ల బట్టలావిడ నీళ్ళ కింద ఎంతసేపుంది? పక్కనున్న మన వాళ్ళు ఎవరైనా కంగారు పడ్డారా? సంబోక్ అవ్వని అడిగితే, "నీ జంట సంగతి నన్నడుగుతావేం, వెళ్ళి దాన్నే అడుగు" అని గిన్నె బోర్లించి వెళ్ళిపోయింది. పూజ దగ్గర పడుతోంది. నేనింకా ఏమీ తేల్చుకోలేదు. చున్హ్వా ఇంటికి నేను వెళ్ళను. అందుకే నిన్ను అడుగుతున్నా. ఉపన్యాసం లేకుండా చెప్పు.

అత్త


మాసాన్,
ఫిబ్రవరి 28.

అత్తా,

"మాతో వచ్చినవాడు కాదు" అందా? ఆవిడ కిమ్చీ జాడీ రెండు విమానాశ్రయాల్లో మోసింది ఎవరు? సరే. చరిత్రలో ఇలాంటివి జరుగుతుంటాయి.

ఆ నెగడు సంగతి నాకు తెలియదు. తెలిసినా నా వాదన మారదు. ఆ ముగ్గురు ఆడవాళ్ళ మీద నాకు ద్వేషం లేదు, వాళ్ళూ కూలికి మునుగుతున్నవాళ్ళే. టిక్కెట్టు వాళ్ళు నవ్విన మాట నిజమా కాదా? వ్యాసం గోడ మీద పెట్టాం. షిఫ్టు మారేటప్పుడు జనం గుమిగూడి చదివారు. జపాను మేనేజరు వచ్చి ఫొటో తీసుకున్నాడు.

నీ ప్రశ్నకి జవాబు. తిరిగొచ్చేటప్పుడు విమానాశ్రయంలో నేనే సంబోక్ అవ్వని అడిగాను. "ఊపిరి అందక విలవిల్లాడుతున్న తోటి శ్రామికురాలిని" అని రాద్దామనుకున్నాను, అందుకని. అవ్వ కళ్ళు మూసుకునే చెప్పింది: "అలా రాయకు. అది కోడిపిల్ల ఊపిరి. మన ఊళ్ళో పదేళ్ళ పిల్ల అంతకు రెండింతలుంటుంది. మేమందరం ఆవులిస్తున్నాం." అది వ్యాసాన్ని పాడుచేస్తుందని వదిలేశాను.

అవ్వ ఇంకోటి కూడా అంది. పూజలో కొత్త జంటలు కుదిరేదాకా అని ఈ చలికాలమంతా చున్హ్వా పిన్ని వేరే జంటల వెనక మూడో మనిషిగా దిగుతోందట. నిమిషానికోసారి తల పైకెత్తి అందరి బుర్రలూ చూస్తుందట. వల సంచీ ఖాళీగానే తెస్తుందట. "దాని వల్ల మా చేపలు కూడా బెదిరిపోతున్నాయి" అంది. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే. నువ్వే నెగడు వైపు వెళ్ళడం లేదు కాబట్టి నీ చెవిన పడి ఉండదు.

ఇప్పుడు నా అసలు కోపం చెబుతాను విను. మన మనిషి మునిగితే తలెత్తి చూడని చున్హ్వా పిన్ని, జపాను ఆవిడ కోసం కోటుతో దూకిందా? నిన్ను వదిలేసి, వాళ్ళ కోసమా? ఇది నేను గోడ మీద రాయలేదు, నీ పరువు కోసం. అలాంటి మనిషి చేతిలో మళ్ళీ నీ ఊపిరి పెట్టకు. పూజ రోజు మొహమాటపడకుండా కుదరదని చెప్పేసి ఇక్కడికి రా. మా మేస్త్రీ వాళ్ళ పెరట్లో ఒక గది ఖాళీ అయింది, ఎండ బాగా వస్తుంది. అడిగి ఉంచాను.

నీ మంచి కోరే
చాంగ్‌సిక్


మొక్‌జిన్‌లి,
మార్చి 14.

ఒరేయ్ నాయనా,

నీ ఉత్తరం చివరికొచ్చేసరికి నీ చెవి మెలిపెట్టాలనిపించింది. మధ్యలోది మళ్ళీ చదివి, నిన్ను కూర్చోబెట్టి అన్నం పెట్టాలనిపించింది. ఇన్నాళ్ళలో నాకు ఎవరూ చెప్పని కబురు, నీకే పనికిరాదని పక్కన పడేసి, కోపంలో నువ్వే చెప్పావు.

చున్హ్వా మా తీరంలో అందరికంటే పొడుగు ఊపిరి మనిషి. ఎదుటివాళ్ళ ఊపిరి ఎంతుందో నీళ్ళు చూసి చెప్పేది. అలాంటిది కోడిపిల్ల ఊపిరికి దూకింది. ఎవరైనా సరే, తల నీళ్ళ కిందికి వెళ్తే దానికిప్పుడు ఓర్చుకోవడం చేతకావడం లేదురా. ఆవిడ జపానో, కొరియానో, సొరచేపో దానికి కనబడలేదు. అక్టోబరు నుంచి నేను ఇంట్లో కూర్చుని కోపంతో కడుపు నింపుకున్నాను. అది రోజూ నీళ్ళలో దిగి అందరి తలలూ లెక్కపెట్టుకుంటోంది.

గాలి దేవత పూజ ముగిసింది. నేను వెళ్ళాను. నెగడు దగ్గర నా చోటు అలాగే ఉంది, ఎవరూ కూర్చోలేదు. జంటలు ఒక్కొక్కటే ఖాయమయ్యాయి. సంబోక్ అవ్వ నా వైపు చూసింది. "చున్హ్వాతో దిగుతాను" అన్నాను. ఇంత కష్టపడి తేల్చుకున్నాను కదా, అక్కడితో అయిపోతుందనుకున్నాను.

"నేను దిగను" అంది చున్హ్వా.

అందరూ నోరు తెరిచారు. "నేను మునిగితే నీ బుర్ర కనబడదు. నీ బుర్ర చూస్తూ ఉంటే నేను మునగలేను. ఇంక నేనెందుకు పనికొస్తాను? నీకు వేరే జంట చూసుకో ఒక్సూన్" అంది, నిప్పు వైపు తిరిగి.

"చూసుకోవడానికి నువ్వేమన్నా మొగుడివా?" అన్నాను. ఎవరో నవ్వారు. అది నవ్వలేదు. లేచి వెళ్ళిపోయింది.

నిన్న పొద్దున వాళ్ళింటికి వెళ్ళాను. తలుపు తట్టలేదు, నీ దగ్గర నేర్చుకున్నట్టు బాదాను. "పిల్లల సముద్రానికి పోదాం రా" అన్నాను. నీకు గుర్తుండదు, రేవుకి ఇవతల నడుము లోతు మడుగు. ఆడపిల్లలకి మునగడం నేర్పే చోటు, పెద్దవాళ్ళు దిగితే సిగ్గు. "మతి పోయిందా? ఊరు నవ్వుతుంది" అంది. "నవ్వనీ. నవ్వితే మైకు లాక్కునేవాడు ఒకడున్నాడు మనకి" అన్నాను. అప్పుడు వచ్చింది దానికి నవ్వు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని రబ్బరు సూటు తీసింది.

కాబట్టి మీ మేస్త్రీకి చెప్పు, ఎండ వచ్చే గది ఎవరికైనా ఇచ్చెయ్యమని. నీ గోడ కాగితం చింపమని నేను అనను. కానీ ఇంకో కాగితం పక్కన అంటించు. రేకుల గదిలో ఏం జరిగిందో రాయి. చున్హ్వా పేరు మాత్రం రాయకు.

అలా నిన్న ఇద్దరం ఆ మడుగులో దిగాం. గట్టు మీద ఊరి పిల్లలందరూ చేరి ఈలలు వేశారు. అడుగున నాచు తప్ప ఏమీ లేదు. నేను మునిగి, ఒక పిడికెడు కోసి, పైకి తేలేసరికి చున్హ్వా మొహం నా మొహానికి జానెడు దూరంలో ఉంది. నా కంటే తనే ఎక్కువ రొప్పుతోంది.

"ఇలా నా ముక్కు మీద కూర్చుంటే నేను నాచు ఎలా కొయ్యనే?" అన్నాను.

"కొయ్యకు" అంది.

మళ్ళీ మునిగాను.

అత్త